కరగని పొర

"ఆ టేపు దాటకండి మేడం. ఇక్కడ నా పని ఇంకా అయిపోలే."

రంజిత్ ఆ మాట నవ్వుతూనే అన్నాడు గాని, చెయ్యి మాత్రం అడ్డం పెట్టాడు. వినోద ఆగింది. తను సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రోజుల్లో తన కిందే పని నేర్చుకున్న మనిషి. ఇప్పుడు హైదరాబాదులో ఒక కెపాసిటర్ల కంపెనీలో ప్రమాదాల విచారణ చూస్తున్నాడు. ఆమె ఉద్యోగం వదిలేసి నిజామాబాదులో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఇద్దరూ ఒకే ప్రమాదం సంగతి తేల్చడానికి వచ్చారు. పంపినవాళ్ళే వేరు.

"పని అయిపోయిందని పొద్దున భోజన్నకు నువ్వే చెప్పినవట. రిపోర్టు గూడ రాసి పెట్టుకున్నవట?" అంది వినోద.

"సాయంత్రం పంపుత. రాయడానికి ఏమున్నది మేడం? కొత్త ఫిల్ము పెట్టిండ్రు, పేలింది. అంతే."

"పేలింది నా ఫిల్మే అని ఎట్ల చెప్తున్నవ్?"

వినోద వెనక నుంచి వచ్చిన ఆ గొంతు రోజారాణిది. రెండు రాత్రులుగా నిద్ర లేని కళ్ళు, భుజాన బరువైన సంచి. వినోదను పిలిపించుకున్నది ఆమే. పాలిమర్ పదార్థాల్లో డాక్టరేట్ చేసి, ఎక్కడెక్కడో ఉద్యోగాలు వస్తున్నా కాదనుకుని, సొంతూరు ఆర్మూరులోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుంది. ఎనిమిదేళ్ళుగా ఆమె వెంటపడుతున్నది ఒకే ఒక్క పని: కెపాసిటర్ లోపల చుట్టే ప్లాస్టిక్ పొరను బాగు చెయ్యడం.

"డబ్బా మీద లేబుల్ మీదే కదా మేడం" అన్నాడు రంజిత్.

అంతవరకు అతని మాట నిజమే.

ఆర్మూరులో భోజన్న నడిపే ఈ పసుపు పాలిష్ యూనిట్లో గోడకు బిగించిన ఇనుప బాక్సులో మూడు కెపాసిటర్లు ఉండేవి. సోమవారం పట్టపగలు వాటిలో మొదటిది పేలింది. మూత ఎగిరిపోయి, పక్కన పేర్చిన గోనె సంచులు అంటుకున్నాయి. పసుపు కొమ్ములు ఏరుతున్న ఆడవాళ్ళను బయటికి తోసి, మెయిన్ స్విచ్ ఆపినవాడు రోజారాణి దగ్గర పనిచేసే టెక్నీషియన్ శివ. అతని కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. మూడూ రోజారాణి ఫిల్ముతో చేసినవని, పరీక్ష కోసం పెట్టినవని అందరి నమ్మకం. ఈ పరీక్ష నెగ్గితే రంజిత్ వాళ్ళ కంపెనీ ఆ ఫిల్ముతో కెపాసిటర్లు తయారు చెయ్యాలి.

"నాకు జరసేపు చూడనియ్యి. ఏదీ తీస్కపోను" అంది వినోద.

రంజిత్ టేపు పైకెత్తాడు. "పాత రోజుల కోసం ఒప్పుకుంటున్న. పేలిన డబ్బా ఇక్కడ లేదు, మొన్ననే మా ల్యాబుకు పంపిన. నేను అంకాపూర్ పోతున్న. అక్కడ విత్తనాల ప్లాంట్ల మీ మేడం పెట్టిన రెండో సెట్టు ఉన్నది. అది గూడ విప్పుకొస్తే నా ఫైలు క్లోజ్."

అతని జీపు వెళ్ళిపోయింది. వినోద షెడ్డు లోపలికి నడిచింది.

ఎటు చూసినా పసుపే. గోడల మీద, రేకుల మీద, డ్రమ్ముల ఇరుసుల మీద కూడా సన్నటి పసుపు పొడి పేరుకుని ఉంది. బాక్సు జాలీ గుండా లోపలికీ వెళ్ళింది. మొదటి డబ్బా ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. రెండోది పక్కకు ఒరిగి, కమిలి ఉంది. మూడోది మసి పట్టిందే గాని చెక్కు చెదరలేదు.

వినోద బాక్సు కింది గోడ మీద వేలు పెట్టింది. మైనంలా కారి గడ్డకట్టిన ముద్ద ఒకటి అక్కడ అతుక్కుని ఉంది.

"ఇదేంది?"

రోజారాణి వంగి చూసింది. గోటితో గీకి, మళ్ళీ చూసింది.

"ఇది నాది కాదక్కా. ఇది మామూలు ఫిల్ము. బజార్ల దొరికే కెపాసిటర్లన్నింట్ల ఇదే ఉంటది. వేడికి మెత్తబడుతది, ఇంకా వేడి తగిలితే ఇట్ల కరిగి కారుతది. నాది కరగది. మంటల పడితే మాడి, నల్లగ పొట్టు పొట్టుగ రాలుతది. అంతేగాని కారది."

"నిన్న మొన్న ఎందుకు చూడలే మరి?"

"రంజిత్ సారు గేటు గూడ దాటనియ్యలే."

"సరే. జర నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. నీ ఫిల్ముతోని వచ్చే లాభం ఏంది?"

"వెంట్రుకల పదో వంతు మందం ఉంటది పొర. దాని మీద లోహం పూత. అసుంటియి రెండు కలిపి చుట్ట చుట్టి డబ్బాల పెడితే కెపాసిటర్. మోటార్లకు దాని అవసరం ఉంటది. రేకుల షెడ్డుల ఎండకాలం మామూలు పొర తట్టుకోదు. నా పొర వేడికి తట్టుకుంటది, ఇంకా పల్చగ చుట్టినా కరెంటు ఒత్తిడికి ఆగుతది. అందుకే డబ్బా గూడ చిన్నగైతది."

"ఎంత చిన్నగ?"

రోజారాణి సంచిలోంచి ఒక అల్యూమినియం డబ్బా తీసి చేతికిచ్చింది. నమూనా కోసం దగ్గర పెట్టుకున్నది. వినోద దాన్ని బాక్సులోని మూడో డబ్బా పక్కన పట్టుకుంది. నాలుగు వేళ్ళ ఎత్తు తేడా. లావులోనూ తేడానే. రెండింటి మీదా లేబుల్ మాత్రం ఒకటే.

"ఈ మూడోదాన్ని విప్పొచ్చునా?"

"ఆగక్కా, ముట్టకు. కరెంటు ఆపినా దీంట్ల దమ్ము మిగులుతది." రోజారాణి రబ్బరు తొడుగులు వేసుకుని, రెండు కొనలకూ తీగలు తగిలించి, లోపల మిగిలిన ఛార్జి అంతా దించేసింది. తర్వాత అడుగు నట్టు విప్పి డబ్బాను పైకెత్తింది.

వినోద టార్చి వేసి చూసింది. డబ్బా అంచు ఆనుకున్న చోట పసుపు పొడి గట్టిగా అణిగి ఉంది. ఆ పొడి మధ్యలో శుభ్రంగా మిగిలిపోయిన చిన్న వలయం. ఆమె నమూనా డబ్బాను తీసుకుని ఆ వలయం మీద పెట్టింది. గీసినట్టు సరిపోయింది.

"ముందు చిన్న డబ్బా ఉండె. దాని చుట్టూ పసుపు పేరుకున్నది. తర్వాత ఎవరో దాన్ని తీసి, పసుపు మీదనే పెద్దది కూసోబెట్టి నీ లేబుల్ అంటించిండ్రు" అంది వినోద.

రోజారాణి ఏడుస్తుందేమో అనుకుంది. ఆమె మాత్రం పరుగున పోయి, మూలన పడి ఉన్న బాక్సు మూతను తీసుకొచ్చి వెనక్కి తిప్పింది. లోపలి వైపు మూడు గుండ్రటి నొక్కులు.

"చూడక్కా. మామూలు డబ్బా చెడిపోతే లోపల గ్యాసు పుట్టి దాని తల వేలెడంత పైకి లేస్తది. లేస్తే లోపల తీగ తెగి కరెంటు ఆగుతది. అది దానికి రక్ష. ఈ బాక్సు చేసింది నా చిన్న డబ్బాల కోసం. పెద్దయి పెడితే తల మూతకు తగిలింది. లేవడానికి జాగా లేదు. అందుకే పేలింది."

"ఈ బాక్సు ఎవరు విప్పుతరు?"

జవాబు భోజన్న నుంచి వచ్చింది. తలుపు దగ్గర తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. "శివనే మేడం. తాళం వానికాడనే ఉంటది. ఉగాది తెల్లారి వచ్చిండు. నేను మార్కెట్ యార్డుకు పోతున్న, నువ్వు చూస్కో అన్న. అప్పటి సంది బాక్సు గుయ్యిమంటుండె. అడిగితే, ఏం ఫికర్ లేదు పటేలా అన్నడు."

రోజారాణి ముఖంలో రంగు పోయింది. "శివనా? నాకాడ మొదటి సంది ఉన్నడక్కా. వాని చెయ్యి కాలింది గూడ..."

"అంకాపూర్ల బాక్సు ఎవరు బిగించిండ్రు?"

"వాడే."

వినోద ఫోను తీసింది. రంజిత్‌కు రింగయింది గాని ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఆమె కారు వైపు నడుస్తూనే "దవాఖానకు పోదాం, దారిల ఉన్నది" అంది.

శివ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ముప్ఫై దాటని మనిషి. మోచేతి దాకా కట్టు. రోజారాణిని చూడగానే లేవబోయి, ఆమె ముఖం చూసి మళ్ళీ వాలిపోయాడు.

వినోద స్టూలు లాక్కుని కూర్చుంది. "చెయ్యి ఎట్లుంది శివా?"

"మంట తగ్గింది మేడం."

"చిన్న డబ్బాలు ఎక్కడున్నయి?"

"ఏ చిన్న డబ్బాలు?"

"పసుపుల గుర్తు పెట్టిపోయినయి."

అతను కళ్ళు మూసుకున్నాడు. వినోద తొందరపడలేదు. అబద్ధం చెప్పేవాళ్ళు మాటలు వెతుక్కుంటారు. ఇతను వెతుక్కోవడం లేదు. నోరు బిగపట్టుకుని ఎవరినో కాపాడుతున్నట్టున్నాడు.

"నిన్ను బెదిరియ్యడానికి రాలే నేను. కంపెనీ సారు అంకాపూర్ పోయిండు. గాడ గూడ బాక్సు విప్పుతడట. నేను ఫోన్ చేస్తే ఎత్తుతలేడు" అంది.

శివ దిగ్గున లేచి కూర్చున్నాడు. సెలైన్ స్టాండు ఊగింది.

"విప్పద్దనుండ్రి! గాడ గూడ పాతయే పెట్టిన. మూత పట్టకపోతే నొక్కిపెట్టి స్క్రూలు బిగించిన. ఇప్పుడు స్క్రూ వదులైతే మూత మొఖం మీదికే వస్తది. జల్ది చెయ్యుండ్రి మేడం!"

వినోద అప్పటికే మళ్ళీ ఫోను చేసి స్పీకరు పెట్టింది. ఈసారి ఎత్తాడు. వెనక యంత్రాల హోరు.

"మేడం, స్క్రూడ్రైవర్ చేతిల ఉన్నది. తర్వాత మాట్లాడుత."

"రంజిత్, చెయ్యి తియ్యి."

స్టేషన్లో వాడిన గొంతు అది.

"ఎందుకు?"

"మూత చూడు. చదునుగ ఉన్నదా, ఉబ్బి ఉన్నదా?"

"ఉబ్బింది... స్క్రూ ఒకటి వంగి ఉన్నది."

"ముందు మనుషులను బయటికి పంపు. మెయిన్ ఆపు. తర్వాత నన్ను ఎంతన్నా తిట్టు."

అతను వాదించలేదు. ఫోను ఎక్కడో పెట్టేసిన చప్పుడు, 'బయటికి నడువుండ్రి, అన్ని ఆడనే ఇడిసిపెట్టుండ్రి' అన్న కేక, చెప్పుల చప్పుళ్ళు, ఎవరో చంటిపిల్ల ఏడుపు. రోజారాణి మంచం కమ్మి పట్టుకుని నిలబడింది. ఉన్నట్టుండి హోరు తగ్గింది. యంత్రాలు ఒక్కొక్కటే మందగించి ఆగిపోయాయి.

"ఆపిన" అంది రంజిత్ గొంతు. ఎగశ్వాస. "బాక్సును ఆనుకొనే కూసొని మక్క విత్తనాలు ఏరుతుండ్రి మేడం. అందరు ఆడోళ్ళే. ఎవ్వరికి ఏం కాలే."

శివ కాలని చేతిని ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత అతన్ని అడగాల్సిన పని లేకపోయింది. తనే చెప్పాడు. వాళ్ళమ్మ లసుమవ్వ మెండోరలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. చేపలు పట్టేవాళ్ళ ఇంటి ఆడవాళ్ళంతా సంఘం పెట్టుకుని నడుపుకుంటున్న ఫ్యాక్టరీ అది. ప్రతి ఎండాకాలం కెపాసిటర్లు పోవడం, కంప్రెసర్ లోడు ఎత్తలేక ట్రిప్పై ఆగిపోవడం, ఐసు లేక చేపలు కుళ్ళిపోవడం.

"మీకు చెప్పిన మేడం, మెండోరల ఒక సెట్టు పెడదామని. రెండుసార్లు అడిగిన. ట్రయల్ జాగలు ఫిక్సయినయ్, మార్చొద్దు అన్నరు."

"అవును, అన్న" అంది రోజారాణి.

"మీయి ఆరు గాడికి తీస్కపోయిన. గాడియి తెచ్చి ఇక్కడ మూడు, అంకాపూర్ల మూడు పెట్టిన. వానలు పడేదాక ఆగుతయి, తర్వాత మల్ల మారుస్త అనుకున్న. తలకాడ జాగా ఉండాలె అన్న సంగతి నాకు తట్టలే. నన్ను ఏమన్న చెయ్యుండ్రి."

వినోద ముందుకు వంగింది. "మెండోరల అవి ఇంకా నడుస్తున్నయా?"

"ఉగాది తెల్లారి సంది నడుస్తనే ఉన్నయి." అతను రోజారాణి వైపు తిరిగాడు. "మేడం, నేను మీకు వారం వారం పంపిన రీడింగులు గూడ గాడియే. ఒక్క నంబరు గూడ అబద్ధం పంపలే."

రోజారాణికి కోపం వచ్చిపోయింది, ఇంకేదో వచ్చింది. "నువ్వు చేసింది చిన్న తప్పు కాదు శివా. భోజన్నకు నువ్వే చెప్పాలె, అంకాపూరోళ్ళకు గూడ నువ్వే చెప్పాలె. నేను పక్కన ఉంట" అంది. ఆ మాట అనేసి గబగబా బయటికి నడిచింది.

ముప్కాల్ దాటి మెండోర చేరేసరికి ఐసు ఫ్యాక్టరీ ముందు రంజిత్ జీపు ముందే ఆగి ఉంది. వినోద ఫోనులో చెప్పగానే అంకాపూర్ నుంచి నేరుగా వచ్చాడు. చొక్కా అంతా మొక్కజొన్న పొట్టు. వినోదను చూసి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

లోపల ఒక పక్క ఐసు చలి, కంప్రెసర్ గదిలో మాత్రం నిప్పుల కొలిమి. నెత్తిన రేకులు, పక్కన వేడి పైపులు. ఆరు చిన్న డబ్బాలు చెక్క పలక మీద వరుసగా ఉన్నాయి. లేబుళ్ళు లేవు. అవి ఉన్న పాత పెద్ద బాక్సులో పైన బోలెడంత ఖాళీ.

"వేడి సంగతి వదిలెయ్ బిడ్డా" అంది లసుమవ్వ, కొడుకు చేసిన పని విని ఇంకా తేరుకోకుండానే. "పోయిన నెల గాలిదుమారం వచ్చిన నాడు పక్క స్తంభం మీద పిడుగు పడ్డది. లైటు బుగ్గలన్ని పలిగినయి. స్టార్టర్ కాలి బొగ్గైంది. గీ చిన్నయి మాత్రం ఏం కాలే. తెల్లారి స్టార్టర్ కొత్తది పెట్టంగనే మల్ల నడిచినయి."

రోజారాణి గిరుక్కున తిరిగింది. "పిడుగా? దీని మీదనా?"

"గీ లైను మీదనే."

కంప్రెసర్ ఆపించి, ఒక డబ్బాలో దమ్ము దించి, తీగలు విప్పి మీటరు తగిలించింది రోజారాణి. కొత్తగా ఉన్నప్పుడు యాభై మైక్రోఫారాడ్లు చూపించాలి. నలభై ఏడుకు పడితే పారెయ్యాల్సిందే. వినోద ఆమె భుజం మీదుగా చూసింది. నలభై తొమ్మిదీ పాయింటు ఎనిమిది.

రెండోది చూసింది. మూడోది చూసింది. దాదాపు అంతే.

"పిడుగు దెబ్బకు పొరల తూట్లు పడి ఉంటయక్కా. తూటు పడ్డకాడ చుట్టూ పూత ఆవిరై పోయి, ఆ జాగను అదే వేరు చేసుకుంటది. అట్ల మానుతది అని నేను కాగితం మీద రాసిన. ఇంత పెద్ద దెబ్బ మాత్రం నా ల్యాబుల ఎన్నడు కొట్టి చూడలే. నాకాడ అంత మిషన్ లేదు." ఆమె మీటరు కింద పెట్టి రెండు చేతులూ ముఖానికి కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వినోదకు తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు.

రంజిత్ అక్కడే నిలబడి కంపెనీకి ఫోను చేశాడు. దాచుకునేది ఏమీ లేదన్నట్టు స్పీకరు పెట్టాడు. పొద్దుటి నుంచి జరిగిందంతా వరుసగా చెప్పాడు. అవతల మేనేజరు ఆశ్చర్యపోతాడనుకున్నాడు. అతను ఆశ్చర్యపోలేదు.

"ఆర్మూరు డబ్బాలో కరిగింది మామూలు ఫిల్మని మన ల్యాబువాళ్ళు నిన్ననే చెప్పారయ్యా. అయినా నీ రిపోర్టు మారదు. ట్రయల్ ఫెయిల్. ఆ ఆరూ విప్పించి పెట్టు. అంకాపూర్ సెట్టు కోసం నిజామాబాద్ నుంచి పంపిన వ్యాన్ దారిలో ఉంది, అటే తిప్పిస్తా, గంటలో అక్కడుంటుంది. వాటి గురించి బయట మాట రాకూడదు."

ఫోను కట్టయింది.

"ఎందుకు?" అన్నాడు రంజిత్. ఎవరిని అడిగాడో అతనికే తెలియదు.

రోజారాణి మెల్లగా చేతులు దించింది. "ట్రయల్ ఫెయిలైతే నేను తప్పుకోవాలె. ఫిల్ము మీద నా పని మొత్తం వాళ్ళకు అప్పజెప్పాలె. ఒప్పందం అట్ల ఉన్నది. ఫెయిల్ కాదన్న ధీమాతోని నేనే ఒప్పుకున్న."

అంటే కంపెనీకి ఫిల్ము కావాలి, ఫిల్ము చేసిన మనిషి అక్కర్లేదు. వినోదకు కథంతా ఒక్కసారి కళ్ళముందు నిలిచింది. శివ చేసిన పిచ్చి పని వాళ్ళకు అనుకోకుండా కలిసొచ్చింది. ఆమె రంజిత్ వైపు తిరిగింది.

రంజిత్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఇందాక నా చేతిల స్క్రూడ్రైవర్ ఉండె మేడం. వాళ్ళకు నిన్ననే తెలుసు, అంకాపూర్ల ఏం పెట్టి ఉండొచ్చునో గూడ తెలుసు. నాకు చెప్పలే. మక్కలు ఏరేటోళ్ళకు చెప్పలే." అతను ఫోనులో కెమెరా తెరిచి రోజారాణి ముందు నిలబడ్డాడు. "మీటరు మల్ల తగిలియ్యండి మేడం. ఆరు డబ్బాలకు ఆరు రీడింగులు, అన్నీ వీడియో తీస్త. పిడుగు సంగతి అవ్వ నోటితోనే చెప్పాలె. నా రిపోర్టు నేనే రాస్త."

లసుమవ్వకు ఆ మాటల్లో సగమే అర్థమైనట్టుంది. ఆమె చూపంతా విప్పిన తీగల మీదే ఉంది. ఆగిపోయిన కంప్రెసర్ పక్కన, తొట్లలో నీళ్ళు అప్పుడే చల్లదనం పోగొట్టుకుంటున్నాయి. వాకిట్లో సాయంత్రపు చేపల గంపలు దిగుతున్నాయి.

"తీస్కపోతరా బిడ్డా?"

రోజారాణి ఆఖరి రీడింగు చూపించి, తీగలు తన చేత్తోనే తిరిగి బిగించింది. ఒక్కొక్క నట్టూ లాగి చూసింది.

"లేదవ్వా. ఇగ దీని జాగ ఇదే. నడిపియ్యి."

లసుమవ్వ స్విచ్ వేసింది. కంప్రెసర్ ఒకసారి దగ్గి, అందుకుంది. దూరంగా ముప్కాల్ వైపు రోడ్డు మీద తెల్లటి వ్యాను ఒకటి దుమ్ము లేపుకుంటూ వస్తోంది. గంట అన్నారు గాని, అంతకు ముందే వచ్చేస్తోంది. వినోద గంపలు దింపుతున్న ఆడవాళ్ళందరినీ లోపలికి రమ్మని పిలిచింది. చివరి గంప గడప దాటాక ఇనుప గేటు రెండు రెక్కలూ దగ్గరికి లాగి, లోపలి నుంచి గొళ్ళెం పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.